మలేరియా మందు మింగిన మనిషిని ఏమని అడగాలి?

సర్వే ఫారంలో ప్రశ్న ఇలా ఉంటుంది: "మీకు మలేరియా పరీక్ష చేశారా? ఏ రకం పరీక్ష? ఏసీటీ ఇచ్చారా?" (ఏసీటీ అంటే ఆర్టిసునేట్ లాంటి మందును ఇంకో మందుతో కలిపి ఇచ్చే మలేరియా మాత్రలు.) పాడేరు ఏజెన్సీలో ఏ కొండ మీది ఊరికి వెళ్లి ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టు చదివినా, ఎదుటి మనిషి మర్యాదగా "ఆఁ, సేసినారు, ఇచ్చినారు" అంటారు. ఫారం నిండిపోతుంది. అందులో నిజమెంతో ఆ పైవాడికే తెలియాలి.

ఈ ప్రాంతంలో ఆరోగ్య సర్వేలకు ఫీల్డ్ సూపర్‌వైజరుగా పనిచేస్తుంటాను. వానలు మొదలయ్యే ముందు కొత్తగా చేరిన ఇన్వెస్టిగేటర్లకు శిక్షణ ఇవ్వడం కూడా నా పనే. ఆసుపత్రిలో తనకు ఏం చేశారో రోగికి ఎంతవరకు గుర్తుంటుంది, ఆ గుర్తున్నదాన్ని చెడగొట్టకుండా ఎలా రాబట్టాలి, దాన్ని రికార్డుతో ఎలా సరిచూడాలి అని వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లేముందు పీహెచ్‌సీలో కూర్చోండి

అక్కడ ఏం జరుగుతుందో మీకే తెలియకపోతే రోగి చెప్పేది మీకు అర్థం కాదు. కాబట్టి మొదటి రోజు ఊళ్లకు వద్దు. పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ పక్కన ఒక పూట, ఫార్మసిస్టు పక్కన ఒక పూట కూర్చోండి.

మలేరియా పరీక్ష రెండు రకాలు. ఒకటి కిట్టు: వేలి చివర పొడిచి, ఒక చుక్క ప్లాస్టిక్ కిట్టు మీద వేసి, మందు ద్రావకం పోసి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగి గీతలు చూస్తారు. రెండోది రక్తపూత: అదే వేలి రక్తాన్ని గాజు స్లైడు మీద పూసి మైక్రోస్కోపు కింద చూస్తారు. స్లైడు ఊళ్లో తీసి ల్యాబుకు పంపితే ఫలితం ఆ రోజే రాకపోవచ్చు. రోగి వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే: వేలు పొడిచారు. తేడా ఎక్కడుందంటే, కిట్టయితే అక్కడే కూర్చోబెట్టారు, స్లైడయితే ఇంటికి పంపారు. ఈ తేడా మీకు తర్వాత పనికొస్తుంది.

మందుల సంగతి ఇంకాస్త వివరంగా తెలుసుకోవాలి. మన దగ్గర మలేరియా క్రిమి ముఖ్యంగా రెండు రకాలు: వైవాక్స్, ఫాల్సిపారం. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు, దానితోపాటు ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేచి జ్వరం తిరగబెట్టకుండా ఉండాలంటే ఆ పద్నాలుగు రోజులూ మింగాలి. పెద్దవాళ్లకు క్లోరోక్విన్ మొదటి రెండు రోజులు నాలుగేసి, మూడో రోజు రెండు మాత్రలు. ఫాల్సిపారం రకానికి మన వైపు ప్రమాణంగా వాడుతూ వచ్చింది ఆర్టిసునేట్, ఎస్పీ (సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మాత్ర) కలిపిన ఏసీటీ అట్ట: మూడు రోజుల మందు, మొదటి రోజు మాత్రలు ఎక్కువ, మిగతా రెండు రోజులు తక్కువ. రెండో రోజు ప్రైమాక్విన్ ఒకే ఒక్కసారి. ఈశాన్య రాష్ట్రాల్లో అయితే ఆర్టిమెథర్, లుమెఫాంట్రిన్ కలిపిన వేరే అట్ట ఇస్తారు. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు.

ఆర్టిసునేట్ అట్టలకు వయసును బట్టి రంగులు ఉంటాయి: ఏడాది లోపు గులాబీ, 1 నుంచి 4 ఏళ్లకు పసుపు, 5 నుంచి 8కి ఆకుపచ్చ, 9 నుంచి 14కి ఎరుపు, 15 దాటితే తెలుపు. మీరు వెళ్లే నెలలో ఆ పీహెచ్‌సీలో నిజంగా ఏ కంపెనీ అట్ట, ఏ రంగు, ఎన్ని మాత్రలు ఇస్తున్నారో ఫార్మసిస్టును అడిగి ఫొటో తీసుకోండి. కాగితం మీది పాలసీ వేరు, అలమారలో ఉన్న సరుకు వేరు కావచ్చు. వీలైతే ఖాళీ అట్టలు నాలుగైదు అడిగి సంచిలో వేసుకోండి. మీ పనిలో ఇంతకంటే విలువైన సామాను ఇంకొకటి ఉండదు.

ఏది గుర్తుంటుంది, ఏది పోతుంది

ఇది ఊహించి చెప్పేది కాదు. జాంబియాలో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. జ్వరంతో క్లినిక్‌కు తెచ్చిన పిల్లలకు నిజంగా ఏం చేశారో రాసుకుని, ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి తల్లుల్ని అడిగారు. వేలో మడమో పొడిచి పరీక్ష చేసిన పిల్లల తల్లుల్లో సుమారు 62 శాతం మందే "చేశారు" అన్నారు. పరీక్ష చేయని పిల్లల తల్లుల్లో మాత్రం దాదాపు 90 శాతం సరిగ్గా "చేయలేదు" అన్నారు. ఏసీటీ మందు ఇచ్చిన విషయాన్ని 80 శాతం దాకా సరిగ్గా చెప్పారు. అంటే ఒక్క నిమిషంలో అయిపోయిన పరీక్ష కంటే, ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు మింగించిన మందు బాగా గుర్తుంది.

మా వైపు నేను చూసింది కూడా ఇంచుమించు ఇదే. నొప్పి పుట్టినది, డబ్బు ఖర్చయినది, ఇంట్లో రోజూ చేయాల్సి వచ్చినది గుర్తుంటాయి. ఆటోకు ఎంత ఇచ్చారో రూపాయితో సహా చెబుతారు. సూది వేశారా లేదా అన్నది తప్పరు. మందు పేరు గుర్తుండదు, ఉండాలని ఆశించడం మన అత్యాశ. మనకు పోయినసారి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పేరు గుర్తుందా? "దోమతెర కట్టుకోండి, జ్వరం తగ్గినా మాత్రలు ఆపొద్దు" లాంటి సలహాలు అన్నిటికంటే ముందు పోతాయి. జ్వరంతో వణుకుతున్న మనిషికి చెప్పిన మాటలవి.

అయితే ఒక్క విషయంలో మా వైపు పరిస్థితి వేరు. ఇక్కడ చేయని పరీక్షను చేశారని చెప్పేవాళ్లూ బాగానే తగులుతారు. ఎందుకో చెబుతాను.

వేలు ఎవరు పొడిచారు, దేనికి?

ఏజెన్సీలో ఒక మనిషి వేలు ఏడాదిలో చాలా కారణాలకు పొడుస్తారు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) నిర్మూలన మిషన్ 2023 జులైలో మొదలయ్యాక గిరిజన ప్రాంతాల్లో ఆ పరీక్షలు ముమ్మరమయ్యాయి. గర్భిణికి రక్తం శాతం చూడ్డానికి పొడుస్తారు. ముప్పై దాటినవాళ్లకు షుగరు చూస్తారు. జ్వరాల సీజన్‌లో మలేరియా సర్వే అని ఇంటింటికీ వచ్చి, జ్వరం లేనివాళ్లకూ తీస్తారు. ఇన్ని పొడుపుల మధ్య "రక్త పరీక్ష చేశారా?" అంటే "చేశారు" అనడంలో అబద్ధం ఏమీ లేదు. మీరు ఏ పరీక్ష గురించి అడిగారో వాళ్లకు తెలియలేదంతే.

అందుకే ప్రశ్నను పరీక్షతో కాకుండా జ్వరంతో మొదలుపెట్టండి. మాటలు ఇలా సాగాలి:

"అక్కా, బాబుకి జ్వరం ఎప్పుడొచ్చింది? ఆ జ్వరానికి ముందు ఎవరికి చూపించారు?"

"ముందు ఆశాకి సెప్పినాం."

"ఆశా వచ్చి ఏం చేసింది?"

"ఏలు పొడిసింది."

"ఏ వేలు అక్కా? ఓసారి చూపించు." (ఇక్కడ ఆగాలి. బాబు చెయ్యి పట్టుకుని చూపిస్తే ఆ దృశ్యం గుర్తొస్తుంది.)

"పొడిచాక ఆ రక్తం దేనిమీద వేసింది?"

"తెల్లగా సిన్న డబ్బీ లాటిది."

"అప్పుడే చెప్పిందా, తర్వాత చెప్పిందా?"

"కూకోమంది. గీతలొచ్చినాయి, మలేరియా అంది."

ఇంత దూరం వచ్చాక "కిట్టు, పాజిటివ్" అని రాసుకోవచ్చు. "మలేరియా పరీక్ష చేశారా?" అని ఒక్కసారి కూడా అడగలేదు, చూశారా! జేబులో ఒక వాడని స్లైడు, ఒక ఖాళీ కిట్టు పెట్టుకోండి. మాటల్లో తేలకపోతే చివర్లో రెండూ పక్కపక్కన పెట్టి "వీటిలో ఏదన్నా చూశారా, లేక రెండూ కాదా?" అనండి. ఒక్కటే చూపించి "ఇదేనా?" అంటే మాత్రం అందరూ "ఇదే" అంటారు. చేతి మడత దగ్గర సిరంజితో తీశారంటే అది వేరే పరీక్ష అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని వేరే గడిలో రాయండి.

నిజం తేల్చుకుందామని మీరే కిట్టు తెచ్చి మళ్లీ పరీక్ష చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే, మానుకోండి. మందు పూర్తిగా మింగి జ్వరం తగ్గినా ఫాల్సిపారం కిట్టు కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు. క్రిమి చచ్చినా దాని ప్రొటీన్ రక్తంలో మిగులుతుంది. ఊళ్లో లేనిపోని టెన్షన్ తప్ప దానివల్ల ఏమీ తేలదు.

మందుల గురించి

ఇక్కడ పెద్ద చిక్కు ఏమిటంటే, ఒక జ్వరానికి ఒక్కరి దగ్గరికే వెళ్లేవాళ్లు తక్కువ. ఆశా మాత్రలిస్తుంది. రెండో రోజుకు తగ్గలేదని సంతలో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. అక్కడినుంచి నీరసంగా ఉందని సెలైన్. చివరికి పీహెచ్‌సీ. ఇంటి పెద్దాయన పసరు మందు కూడా మధ్యలో ఉంటుంది. వారం తర్వాత అడిగితే ఇవన్నీ ఒకే ముద్దగా బయటికొస్తాయి. ఆర్ఎంపీ వేసిన సూది పీహెచ్‌సీ ఖాతాలో పడుతుంది, ఆశా ఇచ్చిన మాత్రలు ఎవరి ఖాతాలోనూ పడవు.

కాబట్టి మందు ప్రశ్నకు ముందే ఒక తెల్ల కాగితం మీద దారి గీయండి. ఇల్లు, ఆశా, సంత, పీహెచ్‌సీ అని చుక్కలు పెట్టి "ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కడికి" అని అడుగుతూ గీత కలపండి. చదువు రానివాళ్లు కూడా వేలు పెట్టి "కాదు కాదు, ముందు ఇటు" అని సరిచేస్తారు. దారి తేలాక ఒక్కో చుక్క దగ్గర ఆగి "ఇక్కడ ఏమిచ్చారు?" అనండి.

ఇంట్లో అట్ట మిగిలిందేమో చూపించమని తప్పకుండా అడగండి. చూరులో దోపిందో, ఆధార్ కార్డుల కవరులో పెట్టిందో దొరుకుతుంది. దొరకకపోతే మీ సంచిలోని అట్టలన్నీ, పారాసెటమాల్‌తో సహా, కింద పరిచి ఏరుకోమనండి. రంగు చెబితే వయసుతో సరిపోయిందో లేదో మనసులో చూసుకోండి. ఏడేళ్ల పిల్లకి తెల్ల అట్ట అన్నారంటే వాళ్ల పొరపాటో, ఇచ్చినవాళ్ల పొరపాటో, ఇంకొకరి మందో. అక్కడ మీరు మొహం చిట్లిస్తే చాలు, వెంటనే జవాబు మార్చేస్తారు. చెప్పింది చెప్పినట్టే రాసి పక్కన గుర్తు పెట్టుకోండి.

రంగు గుర్తులేనప్పుడు లెక్క అడగండి. "మొదటి రోజు ఎన్ని మింగావు? రెండో రోజు? మూడో రోజు?" నాలుగు, నాలుగు, రెండు అని చేదుకు మొహం వికారంగా పెట్టి చెబితే అది క్లోరోక్విన్ అయ్యుంటుంది. "మొదటి రోజు ఎక్కువ, తర్వాత ఒక్కోటి" అంటే ఏసీటీ వైపు మొగ్గు. చిన్న మాత్రలు చాలా రోజులు అంటే ప్రైమాక్విన్ అనుకోవచ్చు, కానీ అక్కడ ఐరన్ మాత్రలతో కలిసిపోకుండా చూసుకోవాలి. "పద్నాలుగు రోజులూ మింగారా?" అని ఎప్పుడూ అడగొద్దు. "జ్వరం తగ్గాక ఎన్ని రోజులు మింగగలిగారు?" అనండి. ఆ "గలిగారు" అన్న చోట మనిషి కాస్త ఊపిరి పీల్చుకుని నిజం చెబుతారు.

రోజుల లెక్క, జవాబు చెప్పేవాళ్లు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పిల్లల జ్వరం గురించి గత రెండు వారాలే అడుగుతారు. మీరూ ఆ హద్దు దాటకపోతే మంచిది. నెల దాటిన జ్వరం గురించి వచ్చే జవాబు సగం ఆ జ్వరానిది, సగం అంతకుముందు జ్వరానిది అయ్యుంటుంది. వీలుంటే ఆసుపత్రి గేటు దగ్గరే ఒకసారి, రెండు వారాలకు ఇంటి దగ్గర ఇంకోసారి అదే మనిషిని అడగండి. రోజులు గడిచేకొద్దీ ఏది జారిపోయిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

"రెండు వారాల్లో" అన్న మాట ఊళ్లో పనిచేయదు. మొన్నటి సంత, అంతకుముందు సంత అనండి. ఒకటో తారీకు పింఛను ముందా తర్వాతా, ఇళ్లకు దోమల మందు కొట్టిన రోజుకు ముందా తర్వాతా అనండి. మే నెలలో అయితే పాడేరు మోదకొండమ్మ జాతర ఉంది, వానల్లో వరి నాట్లున్నాయి. ఊరికి వెళ్లిన వెంటనే ఈ గుర్తుల తారీకులు నోట్‌బుక్ అట్ట లోపల రాసుకుంటే రోజంతా పనికొస్తాయి.

ఎవరు చెబుతున్నారన్నది కూడా రాయాలి. ఆసుపత్రికి తీసుకెళ్లింది నాయనమ్మ, ఇంట్లో దొరికింది తల్లి అయితే, తల్లి జవాబు విన్న మాటే కానీ చూసింది కాదు. నాయనమ్మ పొలం నుంచి వచ్చేదాకా ఆగండి. మగాళ్లు పక్కన కూర్చుని ఆడవాళ్ల తరఫున చెప్పేస్తుంటారు. "మామా, మీది తర్వాత అడుగుతాను" అని నవ్వుతూ పక్కకు పెట్టాలి.

ఆశా కార్యకర్త అక్కడే నిలబడితే ఆ ఇంట్లో పరీక్ష చేయలేదని ఎవరు చెబుతారు? ఆమె వాళ్లకు చుట్టమో, పొరుగో. దారి చూపించినందుకు థాంక్స్ చెప్పి, ఊరి మొదట్లోనే టీ తాగి వీడ్కోలు తీసుకోండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో అనువాదానికి కూడా ఆమెను వాడుకోవద్దు. పక్క ఊరి డిగ్రీ కుర్రాడో, డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసే అమ్మాయో నయం.

సలహాల ప్రశ్నకు జాబితా చదివి వినిపించకండి. "మందిచ్చేటప్పుడు ఏమన్నా చెప్పారా?" అని అడిగి ఊరుకోండి. అయిదారు క్షణాల మౌనం మీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా భరించండి. వాళ్లంతట వాళ్లు చెప్పినవి ఒక గడిలో, మీరు గుర్తుచేస్తే ఒప్పుకున్నవి ఇంకో గడిలో రాయాలి. రెండూ కలిపేసిన ఫారాలు నాకు పంపితే తిప్పి పంపేస్తాను.

రికార్డుతో సరిచూడడం

ఆశా, హెల్త్ అసిస్టెంట్ల దగ్గర ఎం-1 అనే ఫారం ఉంటుంది. పేరు, వయసు, పరీక్ష తేదీ, ఫలితం, ఇచ్చిన మందు అందులో రాస్తారు. అనుమతి కాగితం ఉంటేనే చూడాలి, రోగి ఒప్పుకున్నాకే పోల్చాలి. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు రికార్డు ముందుగా చూపించకూడదు. జవాబు తెలిసినవాడు తెలియకుండానే ఆ జవాబు వైపు తోస్తాడు. పోల్చే పని ఇంకొకరికి ఇవ్వండి.

పేర్లతో జాగ్రత్త. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ముగ్గురికి ఉంటుంది. తండ్రి పేరు, వయసు, ఇంటి పక్కన ఏముందో కూడా కలిస్తేనే జత కలపండి. ఇక, రికార్డే సత్యం అని కూడా అనుకోవద్దు. నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపిన పేజీలు చూడగానే తెలిసిపోతాయి. బడ్జెట్ ఉంటే కొన్ని పీహెచ్‌సీల్లో మీ మనిషే గదిలో కూర్చుని కళ్లారా చూసి రాయాలి. దానికి సాటి వచ్చే రికార్డు లేదు.

పాజిటివ్ వచ్చినవాళ్ల జాబితా మాత్రమే పట్టుకుని బయల్దేరకండి. పరీక్షే చేయించుకోనివాళ్లు, నెగటివ్ వచ్చినవాళ్లు కూడా ఉంటేనే లేనిదాన్ని ఉందనేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది.

లెక్క నాలుగు గడుల్లో తేలిపోతుంది. ఉదాహరణకు 150 మంది అనుకుందాం. నిజంగా పరీక్ష జరిగినవాళ్లు 100, జరగనివాళ్లు 50. జరిగిన వందలో 70 మంది "చేశారు" అన్నారు. జరగని యాభైలో 10 మంది కూడా "చేశారు" అన్నారు. అంటే చేసినదాన్ని గుర్తుపెట్టుకున్నది 70 శాతం, చేయనిదాన్ని చేయలేదన్నది 80 శాతం. సర్వే చెప్పే లెక్క 150లో 80, అంటే 53 శాతం. నిజం 67 శాతం. పీహెచ్‌సీ వాళ్లు చేసిన పని తక్కువగా కనిపించింది.

ఇప్పుడు అవే జ్ఞాపకాలతో ఇంకో మండలానికి వెళ్దాం. అక్కడ 150లో 30 మందికే పరీక్ష జరిగింది. ముప్పైలో 21 మంది అవునంటారు, మిగతా 120లో 24 మంది కూడా అవునంటారు. సర్వేలో 30 శాతం వస్తుంది, నిజం 20 శాతం. మనుషుల మరుపు మారలేదు, కానీ ఒకచోట పని తక్కువగా, ఇంకోచోట ఎక్కువగా కనిపించింది. అందుకే రెండు మండలాల సర్వే శాతాలు పక్కపక్కన పెట్టి ఫలానావాళ్లు బాగా చేస్తున్నారని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ నాలుగు గడుల పట్టిక రిపోర్టులో లేకపోతే ఆ శాతాలకు విలువ లేదు. మందుకు ఒక పట్టిక, పరీక్షకు ఒకటి, సలహాలకు ఒకటి, విడివిడిగా వేయండి.

ఇంట్లో మాత్రలు మిగిలి కనిపిస్తే

తరచూ ఎదురయ్యేది ఇది. అట్ట చూపించమంటే సగం ప్రైమాక్విన్ అలాగే ఉంటుంది. మీరు డాక్టరు కాదు, మింగమని గానీ మానమని గానీ చెప్పొద్దు. తిట్టొద్దు కూడా. ఇంటర్వ్యూ పూర్తయ్యేదాకా మామూలుగానే ఉండి, అయ్యాక "మాత్రలు మిగిలాయని ఆశాకి చెబుతాను, సరేనా అక్కా?" అని అడిగి, ఆ రోజే చెప్పండి.

కొన్ని సంగతుల్లో మాత్రం ఇంటర్వ్యూ ఆపేయాలి. ప్రైమాక్విన్ మొదలుపెట్టాక మూత్రం ముదురు రంగులో వస్తోందన్నా, గర్భిణి ఆ మాత్రలు మింగుతున్నా, ఆ మందు ఆపించి వెంటనే పీహెచ్‌సీకి పంపాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఏం తాగించినా కక్కేస్తున్నా 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేని ఊరయితే ముందు బండి చూడండి. ఫారం చివర రిమార్కుల గడిలో ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు అన్నది రాయండి. సాయంత్రం మీ ఫారాల కట్ట విప్పగానే నేను మొదట చూసేది ఆ గడినే.